ఒకే శూబర్ట్ పాటకు ఇన్ని శ్రుతులు, ఇన్ని వేగాలు ఎందుకు?

క్లుప్తంగా: సంగీత యాప్‌లు, వెబ్‌సైట్లు ట్రాక్ పక్కన చూపించే వేగం, శ్రుతి, భావం అనే మూడు వివరాలు ఆ రికార్డింగుకు చెందినవే తప్ప పాటకు చెందినవి కావు. జర్మన్ కళాగీతమైన ‘లీడ్’ విషయంలో ఈ తేడా మరీ ఎక్కువ. శ్రుతిని గాయకుడి గొంతు నిర్ణయిస్తుంది, వేగాన్ని యంత్రం సగానికో రెట్టింపుకో చదవవచ్చు, భావంలో పెద్ద పాలు యంత్రానికి అందని మాటల్లో ఉంటుంది. ఆస్ట్రియా స్వరకర్త ఫ్రాంజ్ శూబర్ట్ పాటల ఆధారంగా ఈ మూడూ ఎలా పుడతాయో, ఎక్కడ దారి తప్పుతాయో ఈ వ్యాసం వివరిస్తుంది.

సందేహం పుట్టే చోటు

శూబర్ట్ 1827లో స్వరపరిచిన ‘వింటర్‌రైజ’ అంటే ‘శీతకాల ప్రయాణం’ అని అర్థం. విల్‌హెల్మ్ ముల్లర్ రాసిన 24 కవితలకు కట్టిన పాటల వరుస అది. ప్రేమ విఫలమైన యువకుడు ఒకడు రాత్రివేళ ఊరు విడిచి, మంచులో ఒంటరిగా నడుచుకుంటూ పోవడమే అందులోని కథ. మొదటి పాట పేరు ‘గూటె నాఖ్ట్’, అంటే ‘శుభరాత్రి’. ఈ ఒక్క పాటకు ఉన్న రికార్డింగులను వరుసగా పెట్టి చూస్తే, ఒకదాని పక్కన డి మైనర్ అనీ, మరొకదాని పక్కన సి మైనర్ అనీ కనిపిస్తుంది. డి, సి అన్నవి షడ్జమంగా తీసుకున్న స్వరం పేర్లు; గాంధారం దిగువగా ఉంటే మైనర్, ఎగువగా ఉంటే మేజర్. ఒకచోట వేగం నిమిషానికి 50 బీట్లు (తాళపు దెబ్బలు) అని ఉంటే, వినడానికి దాదాపు అంతే నిదానంగా ఉన్న ఇంకొక రికార్డింగుకు 100 అని ఉండవచ్చు. ఈ సంగీతాన్ని కొత్తగా వింటున్నవారికి, ఇందులో అసలు పాట ఏది, ఎవరు తప్పు పాడుతున్నారు అన్న సందేహం రావడం సహజమే. నిజానికి ఎవరూ తప్పు పాడటం లేదు.

ఈ అంకెలు మనుషులు స్వరలిపి చూసి రాసినవి కావు. ధ్వని ఫైలును విశ్లేషించే సాఫ్ట్‌వేర్ వాటిని లెక్కగడుతుంది. ఈ రంగంలో పేరుపడ్డ ఎకో నెస్ట్ అనే సంస్థను స్పాటిఫై 2014లో కొనుక్కుంది. ఆ తర్వాత ప్రతి ట్రాక్‌కూ వేగం, శ్రుతి, మేజరా మైనరా అన్న గుర్తు, ఉత్సాహం, శక్తి వంటి కొలతలు బయటి ప్రోగ్రామర్లకు అందుబాటులోకి వచ్చాయి. 2024 నవంబరులో స్పాటిఫై కొత్త అప్లికేషన్లకు ఈ సమాచారాన్ని ఇవ్వడం ఆపేసింది. అయినా ఇలాంటి కొలతలను చూపించే సైట్లు చాలానే ఉన్నాయి. నాట్య సంగీతానికి, డీజేలకు ఎంతో పనికొచ్చే ఈ పద్ధతి, ఒక గొంతూ ఒక పియానో తప్ప మరేమీ లేని పాట దగ్గరకు వచ్చేసరికి తడబడుతుంది. ఆ తడబాటు ఎలా జరుగుతుందో అర్థమైతే పాట గురించి కూడా చాలా అర్థమవుతుంది.

శ్రుతి: పాటదా, గాయకుడిదా?

కర్ణాటక సంగీతం వినేవారికి ఈ భాగం సులభంగా అందుతుంది. ఒకే కృతిని ఒకరు ఒక శ్రుతిలో పాడతారు, ఇంకొకరు రెండున్నర శ్రుతిలో పాడతారు, గాయని అయితే ఐదు శ్రుతిలో అందుకుంటారు. రాగం మారిందని ఎవరూ అనరు. లీడ్ గానంలోనూ ఆచరణలో జరిగేది ఇదే. ‘గూటె నాఖ్ట్’ అచ్చులో డి మైనర్‌లో ఉంది, అంటే మన లెక్కలో రెండు శ్రుతి. ఎగువ స్థాయి పురుష కంఠమైన టెనర్ దానిని అలాగే పాడగలడు. అంతకన్నా కింది స్థాయిలో పాడే బారిటోన్‌లు, బాస్‌లు పాటను మొత్తంగా కిందికి దింపుకుంటారు. టెనర్ పీటర్ ష్రయర్, బారిటోన్ డీట్రిఖ్ ఫిషర్-డీస్కౌ, లోతైన గొంతున్న హాన్స్ హాటర్, గాయనులు లోటె లేమన్, క్రిస్టా లుడ్విగ్, బ్రిగిట్టె ఫాస్‌బేండర్ అందరూ ఈ వరుసను రికార్డు చేశారు. ఇన్ని రకాల గొంతులు ఒకే శ్రుతిలో పాడాలని కోరడం అర్థం లేని పని. ఎగువ, మధ్య, దిగువ స్థాయి గొంతుల కోసం విడివిడి సంపుటాలను ప్రచురణకర్తలు 19వ శతాబ్దం నుంచీ అచ్చువేస్తూనే ఉన్నారు.

శూబర్ట్ రాతప్రతే ఇందుకు మొదటి సాక్ష్యం. వియన్నా ప్రచురణకర్త టోబియాస్ హాస్లింగర్ ఈ పాటలను 1828లో రెండు భాగాలుగా వెలువరించేనాటికి ఐదు పాటల శ్రుతి మారిపోయింది. ‘వాసర్‌ఫ్లూట్’ ఎఫ్ షార్ప్ మైనర్ నుంచి ఇ మైనర్‌కు, ‘రాస్ట్’ డి మైనర్ నుంచి సి మైనర్‌కు, ‘ఐన్‌జామ్‌కైట్’ డి మైనర్ నుంచి బి మైనర్‌కు, ‘మూట్’ ఏ మైనర్ నుంచి జి మైనర్‌కు, చివరి పాట ‘డేర్ లయర్‌మన్’ బి మైనర్ నుంచి ఏ మైనర్‌కు దిగాయి. కాబట్టి ‘అసలు శ్రుతి’ అన్న మాటకే ఇక్కడ రెండు సమాధానాలున్నాయి.

అయితే కర్ణాటక సంగీతంతో పోలిక ఇక్కడితో ఆగిపోతుంది, ఎందుకంటే లీడ్‌లో శ్రుతి దింపితే రెండు విషయాలు నిజంగానే మారతాయి. మొదటిది పియానో నాదం. తంబూరాను ఏ శ్రుతికైనా సరిచేసుకోవచ్చు కానీ, పియానోలో కింది మెట్లు బరువుగా, కొంత మసకగా మోగుతాయి. ఎడమచేతి స్వరాలు మరో రెండు మెట్లు దిగితే స్పష్టత తగ్గి నాదం చిక్కబడుతుంది, పాట వయసు పెరిగినట్టు వినిపిస్తుంది. రెండోది, అంతకన్నా ముఖ్యమైనది, పక్కపక్క పాటల బంధుత్వం. ఆకాశంలో మూడు సూర్యులను చూసిన బాటసారి పాడే 23వ పాట ‘డీ నేబెన్‌జొన్నెన్’ ఏ మేజర్‌లో ముగుస్తుంది. అచ్చుప్రతిలో దాని వెంటనే ‘డేర్ లయర్‌మన్’ ఏ మైనర్‌లో మొదలవుతుంది. షడ్జమం కదలదు, గాంధారం మాత్రం దిగుతుంది, ఉన్నచోటే దీపం ఆరిపోయినట్టు ఉంటుంది. ఒక గాయకుడు మొదటిదాన్ని ఒక మెట్టు, రెండోదాన్ని రెండు మెట్లు దింపితే ఆ బంధం తెగిపోతుంది. ట్రాక్ పక్కన కనిపించే శ్రుతిని విడిగా చూస్తే దీనికి విలువ లేదు. రెండు ట్రాకుల శ్రుతులను పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం ఆ గాయకుడూ పియానో కళాకారుడూ ఆ సంధిని కాపాడారో లేదో ఇట్టే తెలుస్తుంది.

దీనికి తోడు మరో చిక్కు ఉంది. ‘ఏ’ అనే స్వరానికి సెకనుకు 440 కంపనాలు అన్న ప్రమాణం మీద అంతర్జాతీయ ఒప్పందం 1939లో కుదిరింది. ఫ్రాన్సు 1859లోనే 435ను చట్టబద్ధం చేసింది. పాతకాలపు పియానో మీద 430 ప్రమాణంతో చేసిన రికార్డింగులో ప్రతి స్వరమూ నేటి స్థానం కన్నా అరస్వరంలో (పియానోలో పక్కపక్క మెట్ల మధ్య దూరంలో) దాదాపు నలభై శాతం మేర కిందికి ఉంటుంది. యంత్రం దానిని ఏ స్వరంగా లెక్కిస్తుందన్నది అంచులోని వ్యవహారం. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత ప్లేట్ల సంగతి మరీ సున్నితం. తిరిగే వేగంలో ఆరు శాతం తేడా, అంటే నాలుగున్నర చుట్లకు కొంచెం పైన తేడా వస్తే పాట మొత్తం ఒక అరస్వరం జరిగిపోతుంది. గెర్‌హార్ట్ హ్యూష్ 1933లో రికార్డు చేసిన ‘వింటర్‌రైజ’ లాంటివాటిని డిజిటల్‌లోకి మార్చినప్పుడు, ప్లేటును ఎంత వేగంతో తిప్పారన్నదాని మీదే శ్రుతీ కాలప్రమాణమూ రెండూ ఆధారపడి ఉంటాయి.

యంత్రం శ్రుతిని పట్టే తీరు

సాఫ్ట్‌వేర్ ముందుగా ధ్వనిలోని స్వరాలన్నిటినీ స్థాయితో నిమిత్తం లేకుండా పన్నెండు గడుల్లోకి సర్దుతుంది. ఏ గడి ఎంత నిండిందో చూసి, 24 మేజర్, మైనర్ నమూనాలలో దేనితో ఎక్కువగా సరిపోలుతోందో లెక్కిస్తుంది. ఇలాంటి నమూనాలలో బాగా వాడుకలో ఉన్నవి, కేరొల్ క్రుమ్‌హాన్స్ల్, ఎడ్వర్డ్ కెస్లర్ 1982లో శ్రోతలపై చేసిన ప్రయోగాల నుంచి వచ్చాయి. ఇందులో ఉన్న బలహీనత ఏమిటంటే, స్వరాలు ఎంతసేపు మోగాయన్నది లెక్కకు వస్తుంది కానీ ఏది ముందు, ఏది తర్వాత అన్నది రాదు. డి మైనర్‌కూ ఎఫ్ మేజర్‌కూ స్వరాలు దాదాపు ఒకటే కాబట్టి యంత్రం ఒకదాన్ని చూసి మరొకటి అనుకోవడం తరచూ జరిగే పొరపాటు.

‘గూటె నాఖ్ట్’ విషయంలో ముందు, తర్వాత అన్నదే సర్వస్వం. పాటకు నాలుగు చరణాలున్నాయి. మొదటి మూడు డి మైనర్‌లో నడుస్తాయి. గొంతు అందుకునే తొలి స్వరం ఎఫ్, మన లెక్కలో సాధారణ గాంధారం. నాలుగో చరణం దగ్గర పియానో మెల్లగా దారి మారుస్తుంది, గొంతు అదే వరుసను మళ్లీ ఎత్తుకుంటుంది, కానీ ఈసారి తొలి స్వరం ఎఫ్ షార్ప్, అంటే అంతర గాంధారం. మారింది ఒక్క అరస్వరమే. ఆ చోట యువకుడు చెప్పే మాటలు ఇవి: నీ కలను చెదరగొట్టను, నా అడుగుల చప్పుడు వినపడనివ్వను, తలుపు మెల్లగా మూస్తాను, పోతూ పోతూ గుమ్మం మీద శుభరాత్రి అని రాస్తాను, నిన్ను తలచుకున్నానని నీకు తెలియాలి. ఆ చివరి మాటను రెండోసారి పలికేసరికి గాంధారం మళ్లీ దిగిపోతుంది. మూడు చరణాలు మైనర్, ఒక చరణం మేజర్ అని లెక్కగట్టిన యంత్రం ‘డి మైనర్’ అని సరైన జవాబే ఇస్తుంది. పాట ప్రాణం ఉన్న చోటు మాత్రం ఆ సగటులో కొట్టుకుపోతుంది.

‘డేర్ లయర్‌మన్’ది ఇంకో రకం ఇబ్బంది. ఊరి చివర మంచుగడ్డ మీద చెప్పులు లేకుండా నిలబడి, కొంకర్లు పోయిన వేళ్లతో మర తిప్పుతూ వాద్యం మోగించే ముసలివాడి పాట అది. అతని ముందున్న పళ్లెం ఖాళీ, కుక్కలు అతన్ని చూసి గుర్రుమంటుంటాయి. పియానో ఎడమచేయి మొదటి నుంచి చివరి దాకా షడ్జమ పంచమాలనే మోగిస్తుంది, అచ్చంగా మన తంబూరాలాగే. మొదటి రెండు చోట్ల పంచమానికి ముందు ప్రతి మధ్యమం చిన్నగా తగిలి జారుతుంది, శ్రుతి సరిగా కూడని వాద్యాన్ని అప్పుడే తిప్పడం మొదలుపెట్టినట్టు. ఈ ఆధారనాదంలో గాంధారమే లేదు కాబట్టి అది మేజరూ కాదు, మైనరూ కాదు. మైనర్ అన్న సంగతి కుడిచేతిలోని చిన్న పలుకుల వల్ల, గొంతు వల్ల మాత్రమే తెలుస్తుంది. యంత్రం ఏ అనే షడ్జమాన్ని గట్టిగానే పట్టుకుంటుంది కానీ మైనర్ అని తేల్చుకోవడానికి దాని దగ్గర ఉన్న సాక్ష్యం పలచన.

వేగం: నడక అంటే ఎంత?

శూబర్ట్ ఈ పాటల మీద వేగాన్ని అంకెల్లో రాయలేదు, మాటల్లో రాశాడు. ‘గూటె నాఖ్ట్’ మీద అచ్చులో ‘మేసిగ్’ అని ఒక్క మాట ఉంది, మితంగా అని అర్థం. రాతప్రతిలో దాని పక్కన ‘నడకలాంటి కదలికతో’ అన్న అర్థమిచ్చే మాటలు కూడా ఉన్నాయి. అవి అచ్చులో లేవు. ఆ తీసివేతే ఇన్నేళ్ల వాదనకు మూలం. నడక అనుకున్నవారు పాటను చురుగ్గా కదిలిస్తారు, మితం అన్న మాటను బరువుగా తీసుకున్నవారు నిదానిస్తారు. శూబర్ట్‌ను నిదానంగా వాయించడానికి పేరుపడ్డ స్వియాటొస్లావ్ రిఖ్టర్, పీటర్ ష్రయర్‌తో కలిసి 1985లో డ్రెస్‌డెన్‌లో చేసిన కచేరీ రికార్డింగును, ఫిషర్-డీస్కౌ చేసిన ఏ రికార్డింగు పక్కన పెట్టినా, ఒకే కవితలో ఇద్దరు వేర్వేరు మనుషులు నడుస్తున్నట్టు ఉంటుంది. శూబర్ట్‌ను ప్రత్యక్షంగా విన్న లియోపోల్డ్ ఫాన్ జొన్‌లైట్‌నర్, స్వరకర్త రాసిచ్చిన చోట్ల తప్ప లయ సడలకుండా సమంగా పాడించేవాడని రాసిపెట్టాడు. ఇది నడక పక్షానికి కొంత బలం ఇచ్చే సాక్ష్యం. అయితే సమంగా ఉండడం వేరు, వేగంగా ఉండడం వేరు.

ఈ పాట లెక్కలో బీటుకు రెండు భాగాలుంటాయి, పియానో ఆ భాగాలను ఎడతెగకుండా అడుగుల్లా మోగిస్తూ పోతుంది. నిమిషానికి 50 బీట్లుంటే అడుగులు 100. యంత్రం శబ్దం మొదలయ్యే క్షణాలను గుర్తించి వాటి మధ్య ఎడాన్ని కొలుస్తుంది కాబట్టి బీటును పట్టుకుంటే 50 అంటుంది, అడుగును పట్టుకుంటే 100 అంటుంది. సగం, రెట్టింపు పొరపాటుగా పేరుపడ్డ ఈ తేడా డ్రమ్ములున్న పాటల్లోనూ వస్తుంది, కానీ పియానో పెడల్ తొక్కి స్వరాలను కలిపేసిన చోట, గాయకుడు మాట కోసం అరక్షణం ఆగిన చోట ఇంకా ఎక్కువగా వస్తుంది.

శూబర్ట్ అంకె రాసిన పాటలూ కొన్ని ఉన్నాయి. 1815లో గేటె కవితకు కట్టి, 1821లో తన మొదటి ప్రచురణ సంఖ్యతో (ఓపస్ 1గా) వెలువరించిన ‘ఎర్ల్‌క్యోనిగ్’ మీద నిమిషానికి 152 బీట్లని ఉంది. జబ్బుపడ్డ కొడుకును ఒడిలో పెట్టుకుని తండ్రి రాత్రివేళ గుర్రం మీద దౌడు తీయడం ఆ పాటలోని కథ. 148 బార్లు (తాళ ఆవర్తాలు), బారుకు నాలుగు బీట్లు, మొత్తం 592. వాటిని 152తో భాగిస్తే మూడు నిమిషాల యాభై నాలుగు సెకన్లు వస్తుంది. చివర గొంతు ఒంటరిగా మాట్లాడినట్టు ఆగే చోటును కలుపుకుంటే నాలుగు నిమిషాలు. ఒక్కో బీటుకు మూడు దెబ్బల చొప్పున పియానో కళాకారుడి కుడిచేయి సెకనుకు ఏడున్నర సార్లకు పైగా అష్టకాన్ని (ఒకే స్వరాన్ని కింది, పై స్థాయిల్లో కలిపి) కొట్టాలి, అదీ అలుపు వినపడకుండా. అందుకే ఈ పాట వేగం గాయకుడి ఇష్టం కన్నా పియానో కళాకారుడి మణికట్టు మీద ఎక్కువగా ఆధారపడుతుంది. యాప్‌లో ఇది 76 అని కనిపిస్తే భయపడనక్కరలేదు, అది 152లో సగం.

ఒక్క అంకె అసలే అతకని పాట ‘ఫ్రూలింగ్స్‌ట్రౌమ్’, అంటే ‘వసంత స్వప్నం’. అందులో మూడు వేగాలు వరుసగా వస్తాయి, ఆ వరుస మొత్తం రెండుసార్లు తిరుగుతుంది. పూలను కలగన్నప్పుడు కొంచెం ఊపుతో, కోడి కూసి మెలకువ వచ్చినప్పుడు వేగంగా, కిటికీ అద్దం మీద మంచు గీసిన ఆకులను చూస్తూ ఉన్నప్పుడు నిదానంగా సాగుతుంది. ఈ మూడింటి సగటు ఏదో ఒకటి తెర మీద కనిపిస్తుంది. పాటలో ఎక్కడా ఆ వేగం వినిపించదు.

భావాన్ని అంకెల్లోకి మార్చితే

మూడింటిలోకీ ఎక్కువగా తప్పుదారి పట్టించేది భావానికి ఇచ్చే కొలత. దీని వెనుక, మనోవిజ్ఞాన శాస్త్రవేత్త జేమ్స్ రస్సెల్ 1980లో ప్రతిపాదించిన చిత్రం లాంటి ఆలోచన ఉంది. ఆయన ఉద్వేగాలను రెండు గీతల మీద పెట్టాడు, ఒకటి ఆహ్లాదం నుంచి అనాహ్లాదం దాకా, రెండోది ఉద్రేకం నుంచి నిద్రాణత దాకా. స్పాటిఫై కొలతలో మొదటి గీత సున్నా నుంచి ఒకటి వరకు ఉంటుంది. సంస్థ ఇచ్చిన నిర్వచనం ప్రకారం అంకె పెద్దదైతే సంతోషం, ఉల్లాసం, చిన్నదైతే విచారం, కుంగుబాటు, కోపం. విచారమూ కోపమూ ఒకే చివర చేరడం గమనించాలి. వాటిని విడదీయాలంటే శక్తి అనే రెండో కొలత సాయం కావాలి, అది ప్రధానంగా ధ్వని బిగ్గరగా, వేగంగా ఉందా అన్నదాని మీద ఆధారపడుతుంది.

మేజర్ సంతోషం, మైనర్ విచారం అన్న సాధారణ అలవాటును శూబర్ట్ ఈ వరుసలో పట్టుబట్టి తలకిందులు చేశాడు. 24 పాటలలో 16 మైనర్‌లో, 8 మేజర్‌లో ఉన్నాయి. ఆ ఎనిమిదిలో ఎక్కువ భాగం కల, జ్ఞాపకం, భ్రమ. ‘లిండెన్‌బౌమ్’ ఇ మేజర్, ఒకప్పుడు నీడనిచ్చిన చెట్టు ఇప్పుడు శాశ్వత విశ్రాంతికి రమ్మని పిలుస్తుంది. ‘ఫ్రూలింగ్స్‌ట్రౌమ్’, ‘టాయ్‌షుంగ్’, ‘డీ నేబెన్‌జొన్నెన్’ మూడూ ఏ మేజర్. ‘దాస్ విర్ట్స్‌హౌస్’ ఎఫ్ మేజర్, శ్మశానాన్ని సత్రం అనుకుని చోటడిగిన బాటసారికి అక్కడా గది దొరకదు. కవి ఏడుస్తున్నచోట స్వరకర్త చిరునవ్వు లాంటి స్వరం పెట్టాడు, ఆ రెండింటి మధ్య ఎడమే శోకాన్ని భరించలేనిదిగా చేస్తుంది. ధ్వనిని మాత్రమే వినే యంత్రానికి చిరునవ్వు దొరుకుతుంది, ఎడం దొరకదు. జర్మన్ రాని శ్రోతకూ అదే ప్రమాదం ఉంది, అయితే ఆ శ్రోత అనువాదం చదువుకోగలడు.

పాటకు కాక రికార్డింగుకు చెందిన భావం కూడా ఒకటుంది, దాన్ని కొట్టిపారేయకూడదు. మైకు గొంతుకు దగ్గరగా ఉందా, హాలు ప్రతిధ్వని వినిపిస్తోందా, పియానోను వెనక్కి నెట్టారా అన్నవి వినేవారి మనసు మీద పనిచేస్తాయి. యంత్రం వీటిని బాగానే పట్టుకుంటుంది. అందుకే ఒకే పాట రెండు రికార్డింగులకు రెండు భావాంకెలు వస్తాయి. ఆ తేడాలో గాయకుడి వ్యాఖ్యానం ఎంత, సౌండ్ ఇంజినీరు పని ఎంత అన్నది ఆ అంకె చెప్పదు.

వాడుకలో దీని ఫలితం

నిదానం, మెల్లని ధ్వని, తక్కువ శక్తి అన్న లెక్కతో జాబితాలు తయారుచేసే యంత్రం ‘డేర్ లయర్‌మన్’ను నిద్ర పట్టించే సంగీతంలోకి చేర్చే అవకాశం ఎక్కువ. వినేవారికి హాని ఏమీ లేదు, కానీ పాట తన వరుస నుంచి తెగి, ముందున్న ‘ఏ మేజర్’ శ్రుతి పాట ‘డీ నేబెన్‌జొన్నెన్’ లేకుండా వినిపిస్తుంది. విద్యార్థులకు కలిగే ఇబ్బంది ఇంకొంచెం ఎక్కువ. యాప్‌లో చూసిన శ్రుతిని బట్టి స్వరలిపి సంపుటం ఎంచుకున్నవారికి అది ఎగువ గొంతుదో దిగువ గొంతుదో తేలక, చివరకు తమ గొంతుకు నప్పనిది చేతికి రావచ్చు. 100 అన్న అంకెను బీటు అనుకుని మెట్రోనోమ్ (లయ చూపే పరికరం) పెట్టుకున్నవారి బాటసారి నడవడు, పరుగెత్తుతాడు.

ఈ అంకెలు నిజంగా పనికొచ్చేది ఒకే పాట రికార్డింగులను ఒకదానితో ఒకటి పోల్చేటప్పుడు. వేగం కోసం యాప్ చూపే బీట్ల కన్నా ట్రాక్ నిడివిని నమ్మవచ్చు. శూబర్ట్ రాసిన చరణాలన్నీ పాడితే, ఐదున్నర నిమిషాల ‘గూటె నాఖ్ట్’కూ ఏడు నిమిషాల ‘గూటె నాఖ్ట్’కూ మధ్య ఉన్నది నడకలో తేడాయే. శ్రుతి కోసం వరుసలోని చివరి రెండు ట్రాకులను ఆపకుండా వినడం మేలు. మూడు సూర్యుల పాట మేజర్‌లో ఆరిపోయి, అదే షడ్జమం మీద ముసలివాడి మర తిరగడం మొదలైతే, ఆ కళాకారులు అచ్చుప్రతి బంధాన్ని నిలిపారని అర్థం. ఆ తర్వాత పాట చివర బాటసారి ముసలివాణ్ని, నీతో రానా, నా పాటలకు నీ వాద్యం తిప్పుతావా అని అడుగుతాడు. అక్కడ ధ్వని ఒక్కసారి పెరిగి మళ్లీ అణగిపోతుంది. ముసలివాడు జవాబు చెప్పడు, ఎడమచేతి షడ్జమ పంచమాలు మాత్రం మోగుతూ ఆగిపోతాయి.